జైనూర్ దారికి తగిన బండి

ఆదిలాబాద్,
జూలై 6.

సదానందం అన్నకు,

తమ్ముడు స్టీఫెన్ రాస్తున్నది. ముందు ఫోన్ చేద్దామనే అనుకున్నాను. కానీ నీ ఎడమ చెవి బస్సు ఇంజన్‌కు పోయింది, కుడి చెవి హారన్లకు పోయింది. పోయినసారి ఫోన్ చేస్తే మా వాడకట్టు మొత్తానికి సంగతి తెలిసింది గానీ నీకు తెలియలేదు. అందుకే కాగితం పట్టుకున్నాను. మన పాత రూటు మీద ఇప్పుడు మల్లన్న డ్రైవర్ కదా, ఈ ఉత్తరం అతని చేతికి ఇస్తున్నాను. సాయంత్రానికి నీకు అందుతుంది. జవాబు కూడా అతని చేతికే ఇవ్వు.

సంగతి మా పిల్ల హెప్సిబాది. జైనూర్ ఆసుపత్రిలో నర్సుగా చేరి ఏడాది దాటింది. ఉట్నూరులో గది తీసుకుని ఉంటుంది. పొద్దున బస్సు కోసం, సాయంత్రం ఆటో కోసం నిలబడే సరికే పిల్ల సగం అయిపోతుంది. ఆదివారం ఇంటికొస్తే తిన్నంతసేపు కూడా ఉండదు, మళ్లీ బస్సు టైం. ఆదిలాబాద్‌కు ట్రాన్స్‌ఫర్ పెట్టుకొమ్మని నేను, మీ మరదలు సంతోషమ్మ చెప్పీ చెప్పీ అలిసిపోయాం. "బాపు, నాకు బండి ఉంటె సాలు, ట్రాన్స్‌ఫర్ ఎందుకు?" అంటుంది. కొత్తగా వచ్చిన ఆ చిన్న ఎస్‌యూవీ ఉంది చూడు, ఒళ్లు ఒక రంగు, పైకప్పు ఇంకో రంగు, దాని మీద మనసు పడింది. పోయిన నెల నువ్వు కూడా అదే కొన్నావని మల్లన్న చెప్పాడు. నాకు చెప్పకుండా కొన్నందుకు నీతో వేరే కొట్లాట ఉంది, అది తర్వాత.

ఇంట్లో ఒక ఒప్పందానికి వచ్చాం. బండి మంచిదని నువ్వు అంటే హెప్సిబా అదే కొంటుంది, జైనూర్‌లోనే ఉంటుంది. నువ్వు వద్దంటే ఆగస్టు నెలాఖరులోపు ట్రాన్స్‌ఫర్ కాగితం పెడుతుంది. ఆదివారం ప్రార్థన అయ్యాక సంతోషమ్మ ముందర ఈ మాట ఇచ్చింది. ఇప్పుడు అంతా నీ తీర్పు మీద ఉంది. పందొమ్మిదేళ్లు నీ బస్సులో టికెట్లు కొట్టినవాణ్ని. బండి సంగతిలో నీ మాట తర్వాతే నాకు ఎవరి మాటైనా.

దాని మంచీ చెడూ రెండూ రాయి. వదినకు మా ఇద్దరి వందనాలు.

స్టీఫెన్


కరీంనగర్,
జూలై 11.

తమ్ముడు స్టీఫెన్‌కు,

చెప్పకుండా కొన్నానని అలగకు. ఆ రోజు నేను ఎవరికీ ఏమీ చెప్పే స్థితిలో లేను. ముప్పై ఒక్క ఏళ్లు సర్కారు బండి తోలినవాణ్ని, సొంత తాళంచెవి చేతిలో పడేసరికి షోరూములోనే కళ్లల్లో నీళ్లు తిరిగాయి. మీ వదిన భూమవ్వ కొంగుతో నా మొహం తుడిచి, "జర ఊకో, పోరగాళ్లు సూస్తుండ్రు" అంది. అలాంటప్పుడు నీకేం ఫోన్ చేస్తాను చెప్పు.

బండి సంగతి అడిగావు కాబట్టి తీరిగ్గా రాస్తున్నాను. మల్లన్న రేపు పొద్దున బస్సు తీస్తాడు, నాకు టైం ఉంది.

చూపుకైతే దీన్ని మించింది లేదు. ఒళ్లు ఇటుకపొడి రంగు, పైన నలుపు. ముందర దీపాలు సన్నగా, కాటుక పెట్టినట్టు ఉంటాయి. మా గల్లీలోకి రాగానే కూరగాయలు కొంటున్న ఆడవాళ్లు బేరం ఆపి చూశారు. ఈ వయసులో నన్ను చూసి ఎవరు బేరం ఆపుతారు, అంతా బండి మహిమ. సీటు ఎత్తులో ఉంది, అది నాకు అన్నిటికన్నా నచ్చింది. మామూలు కారులో కూర్చుంటే చాప మీద కూర్చుని దారి చూసినట్టు ఉంటుంది. దీంట్లో బస్సంత కాకున్నా ముందరి ఆటో నెత్తి కనిపిస్తుంది. అడుగుభాగం నేలకు జానెడు ఎత్తు. మా గల్లీలో మున్సిపాలిటీ తవ్వి వదిలేసిన గుంతలో దిగి ఎక్కితే ఎక్కడా తగల్లేదు. ఎత్తు మీద ఆపి బ్రేకు వదిలినా ఒకటి రెండు క్షణాలు వెనక్కి జారకుండా తనే పట్టుకుంటుంది. మహబూబ్ ఘాట్‌లో మనం చక్రం వెనక రాయి పెట్టించిన రోజులు గుర్తొచ్చాయి. రాయి పెట్టడానికి దిగేవాడివి నువ్వే కదా.

ఇక చెడు. వెనక అద్దం చాలా చిన్నది. అందం కోసం వెనకభాగాన్ని ఏటవాలుగా కోశారు, దాంతో వెనక వచ్చే బండి సగమే కనిపిస్తుంది. దానికి బదులు కెమెరా పెట్టాం చూసుకో అంటారు. ఏసీ తగ్గించాలంటే టీవీ లాంటి పలక మీద వేలు పెట్టి వెతకాలి. దారి చూడాలా, వేలు చూడాలా? వెనక సీటులో ఇద్దరైతే హాయి, ముగ్గురైతే నడిమి మనిషి మోకాళ్లు గడ్డానికి వస్తాయి. స్పీడ్ బ్రేకర్ దాటి మళ్లీ అందుకునేటప్పుడు ఇంజన్ ఒక్క క్షణం ఆలోచించుకుంటుంది. గేరు తగ్గిస్తే ఆ ఆలోచన మానేస్తుంది.

ఇది ఊళ్లో తిప్పి చెబుతున్న మాట మాత్రమే. ఊరి తీర్పు వేరు, దారి తీర్పు వేరు. రెండు వారాల్లో మీ వదినను చెన్నూరు, పుట్టింటికి తీసుకుపోతున్నాను. నా బామ్మర్ది కైలాసం కొత్త ఇల్లు కట్టాడు, వచ్చి చూసిపొమ్మని నెల నుంచి ఒకటే పోరు. ఆ పోను రాను దారిలో మట్టి, మలుపు, ఎత్తు, పల్లం అన్నీ చూసి అసలు తీర్పు రాస్తాను. ముప్పై ఒక్క ఏళ్లలో ఒక్క గీత పడనీయని చేతులు ఇవి. ఈ చేతులు మంచిదన్న బండి మంచిదే.

పిల్లకు చెప్పు, ఫికర్ చేయొద్దని.

సదానందం


ఆదిలాబాద్,
జూలై 19.

సదానందం అన్నకు,

నీ ఉత్తరం సంతోషమ్మకు రెండుసార్లు చదివి వినిపించాను. నువ్వు ఏడ్చిన భాగం మూడుసార్లు చదివించుకుంది.

శుక్రవారం హెప్సిబా సెలవు పెట్టి వస్తే ముగ్గురం షోరూముకు పోయాం. నా అలవాటు నీకు తెలుసు, ఎక్కగానే సీట్లు లెక్కపెట్టాను. ఐదు అని రాసి ఉంది గానీ నా లెక్కలో నాలుగున్నర. తర్వాత లగేజీ ఎక్కడ అని అడిగాను. డిక్కీ తెరిచి చూపించాడు. రెండు పెట్టెలు, ఒక కుక్కర్ పడతాయి, అంతే. పత్తి బస్తా ఒకటి పడుతుందా అని అడిగితే అక్కడి పిల్లవాడు నన్ను ఎగాదిగా చూశాడు. పైకప్పుకున్న అద్దం కిటికీ తెరిచి గొప్పగా చూపిస్తే, ఇదేనా అత్యవసర ద్వారం అన్నాను. హెప్సిబా సిగ్గుతో బయటికి పోయి నిలబడింది. నేనేం తప్పడిగాను? పందొమ్మిదేళ్లు ఆ ద్వారం పక్కన నిలబడే ఉద్యోగం చేశాను.

హెప్సిబా మాత్రం స్టీరింగ్ పట్టుకోగానే మారిపోయింది. మా చర్చి జీపు మీద నేర్చుకుంది కదా, భయం లేదు. మావల దాకా తోలింది. వెనక కూర్చున్న సంతోషమ్మ కీర్తన పాడటం మొదలుపెట్టిందంటే కుదుపు లేదని అర్థం. వచ్చాక బుకింగ్ కూడా రాయించేసింది. నీ తీర్పు వచ్చేదాకా అది ఖరారు కాదని నేను అక్కడే అందరి ముందర చెప్పాను.

నిజం చెప్పాలంటే అన్నా, ఆ బండి ఎక్కితే పిల్ల ఇక ఇటు రాదేమోనని నాకు లోపల బెంగగానే ఉంది. అయినా ఒప్పందం ఒప్పందమే. చెన్నూరు నుంచి రాగానే రాయి.

స్టీఫెన్


కరీంనగర్,
జూలై 30.

స్టీఫెన్‌కు,

చెన్నూరు పోయి వచ్చాం. అందరూ బాగున్నారు.

బండి గురించి రాయమన్నావు. ఊళ్లో తిరగడానికి పరవాలేదు గానీ మలుపులకు పనికిరాదు. సందు మలుపులో స్టీరింగ్ తిప్పితే ముందుభాగం మన మాట వినదు. తిరగాల్సిన చోట తిరగదు. ముందర ఎంత ఉందో సీటులో కూర్చున్నవాడికి అందాజు దొరకదు. జైనూర్ దారి అంతా గుట్టలు, మలుపులే కదా. ఆడపిల్ల ఒక్కతే ఆ దారిలో ఈ బండి మీద తిరగడం నాకు ఇష్టం లేదు.

బుకింగ్ రద్దు చేయించు. ఇదే నా తీర్పు. ఇంతకన్నా రాయడానికి ఏమీ లేదు. వాన బాగా పడుతోంది.

సదానందం


ఆదిలాబాద్,
ఆగస్టు 4.

సదానందం అన్నకు,

నీ ఉత్తరం అందిన రోజే షోరూముకు పోయి రద్దు చేయించాను. హెప్సిబాకు ఫోన్‌లో నీ మాటలు ఉన్నవి ఉన్నట్టు చదివాను. మళ్లీ ఒకసారి చదవమంది. తర్వాత, "పెద్దబాపు అన్నడంటె ఇగ నేనేమంట" అని పెట్టేసింది. ట్రాన్స్‌ఫర్ కాగితం నేనే రాసి పెట్టాను, వచ్చే ఆదివారం సంతకం చేస్తుంది.

సంతోషమ్మ అప్పుడే మేడ మీది గదికి సున్నం వేయిస్తోంది. నీ మేలు మరిచిపోము.

స్టీఫెన్


జైనూర్,
ఆగస్టు 12.

పెద్దబాపుకు,

హెప్సిబా నమస్కారాలు. నేను నీకు ఉత్తరం రాయడం ఇదే మొదటిసారి. చిన్నప్పుడు నీ బస్సులో ఇంజన్ పక్క మూత మీద గోనె పరిచి కూర్చోబెట్టేవాడివి. వేడికి కాళ్లు కాలినా దిగేదాన్ని కాదు. డ్రైవర్ అంటే ఇప్పటికీ నాకు ముందు నువ్వే గుర్తొస్తావు.

బాపు నీ తీర్పు చదివి వినిపించాడు. నువ్వు వద్దంటే వద్దు, మాట ఇచ్చాను. ఆదివారం ఇంటికి పోయాను గానీ సంతకం మాత్రం ఇంకా చేయలేదు. పెన్ను రాయలేదని బాపుకు అబద్ధం చెప్పాను. సంతకం పెట్టే ముందు నీతో కొన్ని మాటలు అడగాలి, ఏమనుకోకు.

మా దగ్గరికి ఎవరైనా వచ్చి నొప్పి అంటే మేం వెంటనే మందు రాయం. ఎక్కడ, ఎప్పటి నుంచి, ఏం చేసినప్పుడు అని అడుగుతాం. బండి మలుపులో తిరగలేదని రాశావు. ఏ మలుపులో? స్పీడు ఎంత ఉంది? వానలోనా, పొడిలోనా? ఒక్కసారే జరిగిందా, ప్రతి మలుపులోనా? నేను షోరూము బండి మీద మావల దాకా పోయి వచ్చాను, నాకైతే చక్కగా తిరిగింది. నేను తోలింది కొంచెమే, నీ అనుభవం ముందర నాది లెక్కలోకి రాదు. అందుకే అడుగుతున్నాను. కారణం తెలిస్తే బాధ ఉండదు.

ఇక్కడ ఎందుకుంటానంటున్నానో కూడా నీకు చెప్పాలి. వచ్చిన కొత్తలో ఈ గూడేల వాళ్లు నాతో మాట్లాడేవాళ్లు కాదు. ఇప్పుడు నాకు గోండి అంతో ఇంతో వచ్చు. తప్పు మాట్లాడితే నవ్వుతారు, నవ్వాక అన్నీ చెబుతారు. సక్కుబాయి అని ఒకామె ఉంది, మూడో కాన్పు. నేను డ్యూటీలో ఉన్న రోజే కంటానని అంటుంది. అది మన చేతిలో ఉంటుందా అంటే, "నువ్వు రోజూ ఉండు, గప్పుడు నా చేతులనే ఉంటది" అంది. వారానికి రెండు రోజులు బస్సు తప్పి ఆలస్యంగా వస్తున్నాను. వాళ్లు వచ్చి కూర్చుని, నేను లేనని వెళ్లిపోయిన రోజులు ఉన్నాయి. బండి ఉంటే అది జరగదు. ట్రాన్స్‌ఫర్ అయితే ఇదంతా వదిలిపెట్టి పోవాలి, పెద్దబాపు. నాకు పోవాలని లేదు.

నెలాఖరు దాకా టైం ఉంది. నాలుగు ముక్కలు రాస్తే చాలు.

హెప్సిబా


కరీంనగర్,
ఆగస్టు 20.

తమ్ముడు స్టీఫెన్‌కు,

ఈ ఉత్తరం రాయడానికి నాకు వారం పట్టింది. నాలుగు కాగితాలు చింపాను. దీన్ని జిరాక్స్ తీయించి హెప్సిబాకు కూడా పోస్టు చేస్తున్నాను, అందుకని దాచిపెట్టే వీలు నీకు లేదు, నాకూ లేదు.

బండి చక్కగా తిరుగుతుంది. తిరగనిది నేను.

జరిగింది జరిగినట్టు రాస్తాను. చెన్నూరు దాకా హాయిగా పోయాం. పెద్ద రోడ్డు మీద నాకు ఎదురేముంది. కైలాసం ఇల్లు సందులో ఉంది, ఎడమకు మలుపు. మలుపుకు ఎదురుగానే అతని కొత్త గేటు. ఇంటివాళ్లంతా హారతి పళ్లెం పట్టుకుని నిలబడ్డారు. నడక కన్నా కొంచెం ఎక్కువ స్పీడులో ఉన్నాను. మలుపు వచ్చింది, నేను తిప్పలేదు. ఇంకా ముందుకు పోయి, నా భుజం మలుపు దాటాక తిప్పాను. అప్పటికే ముందుభాగం పోయి కైలాసం గేటు పిల్లర్‌ను ముద్దుపెట్టుకుంది. ఎడమ దీపం పగిలింది, బంపర్ చీలింది. పిల్లర్ మీది టైల్స్ హారతి పళ్లెంలో పడ్డాయి. కైలాసం వచ్చి పిల్లర్ వంక చూసి, నా వంక చూసి, "బావా, నిన్ను లోపటికి రమ్మన్న గని బండితోని గాదు" అన్నాడు. మూడు రోజులు అక్కడ తిన్న అన్నం నాకు సయించలేదు.

వచ్చాక నీకు అబద్ధం రాశాను. పూర్తి అబద్ధం అని కూడా అప్పుడు నాకు తెలియదు. తప్పు బండిదే అని నన్ను నేను నమ్మించుకున్నాను. ముప్పై ఒక్క ఏళ్లు ఒక్క గీత లేదని అందరి ముందర ఛాతీ విరుచుకున్నవాణ్ని, బామ్మర్ది గేటుకు గుద్దానని నీకెలా రాయను? రిటైర్ అయ్యాక నన్ను డ్రైవర్ సదానందం అని పిలిచేవాళ్లే లేరు. ఆ ఒక్క పేరు కోసమే ఈ బండి కొన్నాను. ఆ పేరు కూడా పోతుందంటే సిగ్గేసింది. అందుకని బండి పేరు చెడగొట్టాను. దాంతో పిల్ల బతుకు చెడుతుందని ఆలోచించలేదు.

హెప్సిబా ఉత్తరం వచ్చింది. ఏ మలుపులో, ఎంత స్పీడులో అని అడిగింది. ఆ ప్రశ్నలకు జవాబు రాద్దామని కూర్చుంటే, తప్పు బండిదే అని ఒక్కదానికీ రాయలేకపోయాను. మర్నాడు పొద్దున్నే బండి తీసుకుని మార్కెట్ యార్డుకు పోయాను. ఇప్పుడు సీజను కాదు, ఖాళీగా ఉంది. ఖాళీ నూనె డబ్బాలు సందు మలుపులా పేర్చి, మీ వదినను పక్కన నిలబెట్టి, మూడు రోజులు తిప్పాను. రెండో రోజు అర్థమైంది. బస్సులో మనం ముందు చక్రాల కన్నా ముందర కూర్చుంటాం. మనం మలుపు దాటి ముందుకు పోయాకే చక్రం మలుపు దగ్గరికి వస్తుంది. పైగా వెనక చక్రాలు లోపలికి కోసుకుంటాయని ఇంకా ఆగి తిప్పుతాం. కారులో చక్రాలు మన ముందర ఉంటాయి. నేను బస్సు లెక్కన ఆగి తిప్పుతున్నాను, బండి పాపం అప్పటికే మలుపు దాటిపోతోంది. ముప్పై ఒక్క ఏళ్ల మంచి అలవాటే నన్ను గేటులోకి తీసుకుపోయింది. హెప్సిబాకు బస్సు అలవాటు లేదు. ఆమెకు ఈ కష్టమే రాదు.

ఇప్పుడు అసలు తీర్పు రాస్తున్నాను, దీన్నే నమ్ము. జైనూర్ దారికి ఈ బండి పనికొస్తుంది. ఎత్తు ఉంది, పట్టు ఉంది, బ్రేకు గట్టిది, పొడుగు తక్కువ కాబట్టి ఎదురు లారీ వస్తే పక్కకు ఒదిగిపోతుంది. చెడు కూడా తెలుసుకుని కొనండి. వెనక అద్దం చిన్నదే, కెమెరాకు బురద పట్టిందంటే గుడ్డిదే, దిగి తుడుచుకోవాల్సిందే. ఏసీని బయలుదేరే ముందే సరిచేసుకోవాలి, నడుస్తుండగా ఆ పలక జోలికి పోవద్దు. ఎత్తు ఎక్కేటప్పుడు ముందే గేరు తగ్గించాలి. ఆ అందమైన దీపం పగిలితే కొత్తది రావడానికి మూడు వారాలు పడుతుంది, ఈ సంగతి ఎవరికన్నా నాకే బాగా తెలుసు. నీ పత్తి బస్తా మాత్రం ఎక్కదు.

నన్ను తిట్టాలనుకుంటే తిట్టు, నాకు తగినదే. కానీ ఆ ట్రాన్స్‌ఫర్ కాగితం చింపు. ఆలస్యమైతే దానికి కారణం నేనే అవుతాను.

సదానందం

మరిదీ, నేను భూమవ్వను. ఈయన రాసిందంత నాతోని సదివిచ్చిండు. అన్ని నిజాలే రాసిండు గని ఒక్కటి ఇడిసిపెట్టిండు. యార్డుల మొదటి రోజు తొమ్మిది డబ్బాలు పడగొట్టిండు, రెండో రోజు నాలుగు, మూడో రోజు ఒక్కటి. నాలుగో రోజు నేను కూసోని తిప్పిన, ఒక్కటి గూడ పడలే. గీ ముచ్చట ఎక్కడ అనకు, మనిషి రోజుకు మూడుసార్లు బండి తుడుసుకుంట కూసుంటుండు.


ఆదిలాబాద్,
ఆగస్టు 24.

సదానందం అన్నకు,

నీ ఉత్తరం నిన్న అందింది. మల్లన్న ఇచ్చేటప్పుడు, "ఏమైందే అన్నకు, బస్టాండుల గీ కవరు ఇయ్యనీకె నాలుగుమాట్లు అటు ఇటు తిరిగిండు" అన్నాడు. చదివి నవ్వాను, హారతి పళ్లెం దగ్గర సంతోషమ్మ కూడా నవ్వింది.

నీ ఒక్కడిదే తప్పని రాశావు. అది నిజం కాదు, సగం నాది.

నీ జూలై ఆఖరు ఉత్తరం చదివినప్పుడే ఏదో తేడా ఉందని నాకు తెలిసింది. పందొమ్మిదేళ్లలో నువ్వు ఒక్క బండిని కూడా తిట్టగా నేను వినలేదు. ఎంత పాతబడిన బస్సు మన చేతికి వచ్చినా, "దీని గుణం తెలుసుకుంటె సాలు తమ్మీ" అనేవాడివి. అలాంటివాడు పది వాక్యాల్లో ఒక కొత్త బండిని కొట్టేశాడంటే, దాని వెనక ఏమైందని నేను అడగాలి. ఒక్క ముక్క రాసి అడిగితే నువ్వు చెప్పేసేవాడివి. నేను అడగలేదు. ఎందుకంటే ఆ తీర్పు నాకు కావాల్సిన తీర్పు. పిల్ల ఇంటికి వస్తుంది, మేడ మీది గదిలో ఉంటుంది, పొద్దున నా చేతి చాయ్ తాగి డ్యూటీకి పోతుంది అనుకున్నాను. నీ మాట అడ్డం పెట్టుకుని నా కోరిక తీర్చుకున్నాను. ఆమె పెన్ను రాయలేదన్నప్పుడు కూడా, అది అబద్ధమని తెలిసి ఇంకో పెన్ను ఇచ్చాను. ఆ పెన్ను కూడా రాయలేదంది.

నిన్న సాయంత్రం ఫోన్ చేసి ఇదంతా ఆమెకు చెప్పాను. అప్పటికే నీ జిరాక్స్ ఆమెకు చేరింది. "బాపు, మీరిద్దరు కలిసి బస్సు ఎట్ల నడిపిండ్రో నాకైతె సమజైతలేదు" అంది. నేను ఏడుస్తాననుకుంది కాబోలు, ఆ మాట అని నన్ను నవ్వించింది.

కాగితం చింపాను. పొద్దున పోయి బుకింగ్ మళ్లీ రాయించాను, అదే రంగు, ఇటుకపొడి. షోరూము పిల్లవాడు నన్ను చూడగానే లేచి నిలబడి, అత్యవసర ద్వారం ఉన్న బండి ఇంకా రాలేదు సార్ అన్నాడు. వెక్కిరించాడని తెలిసినా బాగానే అనిపించింది. అక్టోబర్‌లో ఇస్తామన్నారు.

ఇక నువ్వు. డ్రైవర్ సదానందం అని పిలిచేవాళ్లు లేరని రాశావు. ఆదిలాబాద్‌లో ఒకడున్నాడు, ఇంకెప్పుడూ అలా రాయకు. వదినకు చెప్పు, తొమ్మిది డబ్బాల సంగతి ఎవరితోనూ అనను. మల్లన్నకు ఒక్కడికే చెప్పాను.

స్టీఫెన్


జైనూర్,
నవంబర్ 23.

పెద్దబాపుకు,

బండి వచ్చి నెల దాటింది. నువ్వు రాసిన మంచీ చెడూ రెండూ ఉన్నవి ఉన్నట్టే ఉన్నాయి. కెమెరా మాత్రం రోజూ గుడ్డిదవుతోంది. ఈ ఎర్రమట్టి దారిలో పాత గుడ్డ ఒకటి డోరులో పెట్టుకున్నాను, వెనక్కి తీసే ముందు దిగి తుడిచి ఎక్కుతాను. చూసినవాళ్లు నేను బండికి బొట్టు పెడుతున్నాననుకుంటున్నారు. ఎత్తులో ముందే గేరు తగ్గించమన్నావు, ఆ ఒక్క మాట నాకు చాలా అక్కరకొచ్చింది. నడిమి సీటు సంగతి కూడా నిజమే. సక్కుబాయిని, ఆమె అత్తను, పిల్లను ఇంటి దగ్గర దింపితే అత్త దారంతా మోకాళ్లు పట్టుకుని కూర్చుంది. అవును, ఆడపిల్ల. నేను డ్యూటీలో ఉన్న రోజే.

ఈ ఉత్తరం అసలు ఇంకో సంగతి కోసం. బాపు ఇది నీకు రాయడు, అందుకే నేను రాస్తున్నాను.

నిన్న బాపు ఆదిలాబాద్ నుంచి నాతో వచ్చాడు. నేను పనిచేసే చోటు ఈ ఏడాదిన్నరలో ఒక్కసారి కూడా చూడలేదు. వస్తే ఒప్పుకున్నట్టు అవుతుందని రాలేదు. పొద్దున్నే బయలుదేరాం. గుడిహత్నూరు దాటేదాకా అది ఇది మాట్లాడాడు. ఇంద్రవెల్లి తర్వాత మాటలు తగ్గాయి. గుట్టలు మొదలయ్యాయి. ప్రతి మలుపులో ముందు సీటు పిడి పట్టుకున్నాడు. తర్వాత తర్వాత పట్టుకోవడం మానేశాడు. నేను చూశాను.

ఆసుపత్రి ముందర ఆపేసరికి మెట్ల మీద ఎనిమిది మంది ఆడవాళ్లు కూర్చుని ఉన్నారు. నిన్న శనివారం, బాలింతలు వచ్చే రోజు. బండి చూడగానే అందరూ లేచారు. ఒక ముసలామె వచ్చి బాపు వంక చూసి ఎవరని అడిగింది. మా బాపు అని గోండిలో చెప్పాను. ఆమె బాపు రెండు చేతులూ పట్టుకుని ఏదో చెప్పింది. బాపుకు అర్థం కాలేదు, నన్ను అడిగాడు. నాకు చెప్పడానికి సిగ్గేసింది. పిల్లను మంచిగా పెంచి మాకు ఇచ్చావంటోంది అని చెప్పాను.

లోపల చాయ్ తాగుదువు రా, సాయంత్రం నేనే ఇంటికి దింపుతాను, రేపు ఎలాగూ ఆదివారం అన్నాను. ప్రతి వారం ఆయన అడిగేది అదే కదా, ఎప్పుడొస్తావు బిడ్డా అని. బాపు వద్దన్నాడు.

"నేను బస్సుల పోత బిడ్డా. నువ్వు లోపటికి పో, ఆళ్లు నీకోసం కూసున్నరు" అన్నాడు.

చేతిసంచి తీసుకుని బస్టాండు వైపు నడిచాడు. మెట్లెక్కి చూస్తే రోడ్డు దాటి పోతున్నాడు, వెనక్కి తిరగలేదు. పెద్దబాపు, ఇన్నాళ్లూ మా బాపు నన్ను ఇంటికి తీసుకుపోవడానికే మాట్లాడేవాడు. నిన్న మొదటిసారి నన్ను ఇక్కడ వదిలి తను ఒక్కడే పోయాడు. నాకు చాలా సంతోషమైంది. కళ్లు తుడుచుకుని లోపలికి పోయి, మొదటి ఆమె పేరు పిలిచాను.

నీ బిడ్డ,
హెప్సిబా